సగం చెప్పిన మాట

ఫ్యామిలీ మెడిసిన్ ఎందుకు తీసుకున్నావని ఏ కుర్ర డాక్టర్నడిగినా రెండు జవాబులుంటాయి. ఒకటి ఇంటర్వ్యూలో చెప్పేది. అందులో ఒక నానమ్మ ఉంటుంది, ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్న ముసలి డాక్టరు ఉంటాడు, పక్కన కళ్లింతలు చేసుకుని చూసే చిన్నపిల్ల ఉంటుంది. రెండోది స్నేహితులకి చెప్పేది. రాత్రి డ్యూటీలు తక్కువ, ట్రైనింగ్ తొందరగా అయిపోతుంది, ఎవరూ గొంతు చించుకుని తిట్టరు. మా క్లినిక్‌కి మూడు నెలల పోస్టింగ్ మీద వచ్చే పిల్లలు నన్నూ అడుగుతారు. చాలా ఏళ్లు నానమ్మ జవాబే చెప్పాను. నిజానికి మా నానమ్మ జీవితంలో డాక్టరు గడప తొక్కలేదు. ఈ మధ్య అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక ఉండటం లేదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. పెద్దాసుపత్రిలో రెండేళ్లు గొడ్డుచాకిరీ చేసి, మూడు నెలల పోస్టింగ్ కోసం ఈ క్లినిక్‌కి వచ్చాను. పోస్టింగ్ చివరి వారంలో స్పెషాలిటీ సీట్ల లిస్టు వచ్చింది. నేను మొదట కోరుకున్న అనస్థీషియానే ఇచ్చారు. శుక్రవారం సాయంత్రం ఐదు లోపు కంప్యూటర్లో 'ఒప్పుకుంటున్నాను' నొక్కాలి. నొక్కకపోతే ఆ సీటు వేరేవాళ్లకి పోతుంది, నాకు నా రెండో కోరిక మిగులుతుంది. రెండో కోరిక కింద ఫ్యామిలీ మెడిసిన్ రాశాను, అది వస్తే ట్రైనింగ్ ఈ క్లినిక్‌లోనే. ఏదో ఒకటి రాయకపోతే ఫారం ముందుకి కదల్లేదు మరి.

మత్తు డాక్టరునవ్వాలని ఎందుకనుకున్నానంటే, మాటలంటే విసుగు పుట్టింది. "పడుకోబెట్టడం, లేపడం. మధ్యలో ఎవరూ నీతో మాట్లాడరు. నీకు సరిగ్గా సరిపోయింది," అని అక్క ఫోన్లో తేల్చేసింది. వెనకనుంచి బావ, "మీ అక్క ఆ పని ఏ మందూ లేకుండా చేస్తోంది నాకు, కబుర్లు చెప్పే పడుకోబెడుతోంది," అన్నాడు. వాళ్లిద్దరూ నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు గానీ, ఎవరూ మాట్లాడని చల్లటి గది తలచుకుంటే ప్రాణం లేచొచ్చింది.

ఈ క్లినిక్‌లో మాటలు తప్ప ఇంకేం లేవు. ఓ లాండ్రీ వెనక రెండు కన్సల్టింగు గదులు, ముందు పన్నెండు కుర్చీలు, ఎంత లాగినా సగమే తెరుచుకునే కిటికీ. నడిపే డాక్టరుగారికి అరవై దాటాయి, అందరూ పెద్దాయన అంటారు. నేను చిన్నడాక్టరమ్మని. రిసెప్షన్‌లో ఉండే ఆవిడని వీధి మొత్తం పిన్నీ అని పిలుస్తుంది. ఆవిడ కూడా వీధి మొత్తాన్నీ అక్కకూతుళ్లనే అనుకుంటుంది, లేటుగా వస్తే అలాగే చీవాట్లు పెడుతుంది.

ఇక్కడి పద్ధతి ఒకటి చెప్పాలి. ప్రతి చోటా మనిషికో ఫైలుంటుంది. పెద్దాయన దగ్గర ఇంటికో ఫైలు. తండ్రి బీపీ, తల్లి మెడనొప్పి, పిల్లల టీకాలు, అన్నీ ఒకే అట్ట మధ్యలో. "మనిషి ఒక్కడే జబ్బు పడడమ్మా, ఇల్లు ఇల్లంతా కొంచెం కొంచెం పడుతుంది," అనేవాడాయన. మంచి మాటే. ఆ అట్ట తెరిస్తే అందరి గుట్టూ ఒకేసారి కళ్లబడుతుందనీ, ఎదురుగా కూర్చున్నది వాళ్లలో ఒక్కరేననీ మాత్రం డాక్టరే గుర్తుపెట్టుకోవాలి.

మంగళవారం మధ్యాహ్నానికి నేను పద్దెనిమిది మందిని చూశాను. పద్దెనిమిదో ఆయన తన మోకాలి గురించి ఎంతసేపు చెప్పాడంటే, ఆ మోకాలితో నాకు దూరపు చుట్టరికం కలిసింది. ఆయన వెళ్లాక ఒక తల్లి, ఏడేళ్ల పాప వచ్చారు. పాపకి ఉబ్బసం. పీల్చే మందు సరిగ్గా పీలుస్తోందో లేదో చూడాలి. తల్లి బట్టలు సరిచేసే కొట్లో టైలరు. కూర్చున్న దగ్గర్నుంచీ వాచీ చూసుకుంటోంది, సాయంత్రానికి ఇవ్వాల్సిన కోట్లు రెండున్నాయట.

పాప గొట్టంలోంచి పీలుస్తుంటే నేను ఫైలు తిరగేశాను. పాప కాగితం మీద వాళ్ల నాన్న కాగితం ఉంది. ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఏడు వారాల కింద డిపోలో కూర్చుని ఉండగా ఫిట్స్ వచ్చింది. మాత్రలు మొదలుపెట్టారు, ఏడాదిపాటు స్టీరింగు ముట్టకూడదని పెద్దాయన చెప్పాడు. డిపోవాళ్లు సెలవిచ్చి, ఆఫీసు పని ఏదైనా ఖాళీ అయితే పిలుస్తామన్నారు. ఇదంతా నేను అంతకుముందే చదివాను, కింద పెద్దాయన గీతగీసి రాసిన వాక్యంతో సహా: 'ఇంట్లో తెలియదు. ఆయనే చెప్తానంటున్నారు.'

"మందు బాగానే పీలుస్తోంది," అన్నాను. "శుక్రవారం ఇంకోసారి ఊపిరి పరీక్ష చేద్దాం. నాలుగింటికి రాగలరా?"

"శుక్రవారం నాకు కుదరదు డాక్టరుగారూ. కొట్లో తల ఎత్తడానికుండదు."

"మీ ఆయన్ని తీసుకురమ్మనండి. డ్రైవింగ్ లేదు కదా ఇప్పుడు, పగలంతా ఖాళీయేగా."

మాట బయటికొచ్చాక గాని నాకు తెలియలేదు. ఆవిడ చేతిలో పాప కోటుంది, దాన్ని మడత పెడుతోంది. మడత పెట్టడం ఆపింది.

"డ్రైవింగ్ లేదా? ఎవరికి?"

నేను ఫైలు మూసేశాను.

"ఎప్పట్నుంచి?" అంది ఆవిడ, గొంతు పెంచకుండా.

"అది నేను చెప్పకూడదండీ."

"ఇప్పుడు గుర్తొచ్చిందా మీకు?"

పాప మా ఇద్దరి మొహాలూ చూసి, మందు తప్పుగా పీల్చిందేమోనని ఇంకోసారి పీల్చబోయింది. తల్లి గొట్టం తీసి సంచీలో పెట్టింది, పాపకి కోటు తొడిగింది, బొత్తాలు పైనుంచి కిందికి ఒక్కొక్కటే పెట్టింది. తలుపు దగ్గర, "శుక్రవారం నాలుగు," అని తనలో తను అనుకున్నట్టు అని వెళ్లిపోయింది.

పక్క గదిలోకి వెళ్లి పెద్దాయనకి చెప్పాను. ఆయన టేబుల్ మీద చేతులు పెట్టుకుని విన్నాడు. తిడితే బాగుండేది, తిట్టలేదు. "ఆరు వారాలుగా బతిమాలుతున్నానమ్మా ఆయన్ని. ప్రతి ఆదివారం చెప్తానంటాడు. ఈ ఆదివారం ఖాయం అన్నాడు," అన్నాడు. చాలా అలసిపోయినవాడిలా కనిపించాడు. నేనెప్పుడూ ఆయన్ని అలా చూడలేదు.

"ఫోన్ చేసి చెప్పెయ్యనా?"

"పగలు ఫోన్ ఎత్తడు. రోజూ యూనిఫాం వేసుకుని బయల్దేరి, తన రూటు బస్సులోనే వెనక సీట్లో కూర్చుంటాడు, డ్యూటీ దిగే టైము దాకా. నాలుగున్నరకి ఇంటికెళ్తాడు. ఇప్పుడు రెండున్నర. భార్యకి తెలిసిపోయిందని తెలియకుండా ఆయన ఇంట్లో అడుగుపెట్టకూడదు. వెళ్లు. నీ పేషెంట్లని నేను చూస్తాలే." ఆపైన తలుపు తీసి, "పిన్నీ, ఆ మోకాలాయన మళ్లీ వస్తే నేను చచ్చిపోయానని చెప్పు," అన్నాడు.

ఆ రూటు బస్సులు మూడెక్కి దిగాను. నాలుగోదాంట్లో ఉన్నాడాయన, వెనక సీట్లో కిటికీ పక్కన, యూనిఫాం షర్టు గుండీలన్నీ పెట్టుకుని. నన్ను చూసి నవ్వాడు, పక్కకి జరిగాడు. "మీ ఇల్లు ఇటువైపా డాక్టరమ్మా?" అన్నాడు. నేనేదో అనేలోపు చెయ్యెత్తి, "ఆగండి, ఇప్పుడు చూడండి. ఈ మలుపు దగ్గర ఈ కుర్రాడు ప్రతిసారీ బ్రేకు లేటుగా వేస్తాడు," అన్నాడు. వేశాడు. నిలబడ్డవాళ్లంతా ముందుకి తూలారు. "చెప్పానా," అన్నాడు తృప్తిగా. అంతకన్నా మంచి సమయం దొరకదని, ఉన్నదున్నట్టు చెప్పేశాను.

రెండు స్టాపులు పోయాయి.

"ఏమన్నారు? సరిగ్గా ఏ మాటలన్నారో అవే చెప్పండి."

అక్షరం పొల్లుపోకుండా చెప్పాను.

"అంటే ఫిట్స్ అని చెప్పలేదు."

"లేదు. అది మీరు చెప్పాల్సిందని..."

"డ్రైవింగ్ లేదని మాత్రం చెప్పారు." ఆయన మొహం నా వైపు తిప్పాడు. "మరి తనేమనుకుంటుంది ఇప్పుడు? ఉద్యోగం పీకేశారనుకుంటుంది. తాగి నడిపాననుకుంటుంది. ఎవరినో గుద్దేశాననుకుంటుంది. రెండు గంటల నుంచీ కత్తెర పట్టుకుని ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి అనుకుంటూ ఉంటుంది. మొత్తం చెప్పేసినా బాగుండేది. సగం చెప్పి వదిలారు."

అది నాకు తట్టనే లేదు. క్లినిక్ నుంచి బస్టాపు దాకా నడుస్తూ నేను బాధపడింది నా తప్పు గురించీ, నా పేరు గురించీ. కొట్లో కూర్చున్న ఆవిడ గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

"ఎందుకు దాచానో తెలుసా?" అన్నాడు. "తెలిస్తే రెండ్రోజులు ఏడుస్తుంది. మూడో రోజు నుంచి నన్ను స్నానానికి కూడా ఒంటరిగా పోనివ్వదు. పాప ముందు నేను రోగినైపోతాను. ఎలా చెప్పాలో రోజూ ఇక్కడ కూర్చుని మాటలు కూర్చుకుంటున్నాను. దాదాపు కుదిరాయి."

"క్షమించండి."

"అలాగే," అన్నాడు, క్షమించినట్టు కాదు, విన్నట్టు. "తర్వాతి స్టాపులో దిగిపోండి మీరు. పెద్దాయనకి చెప్పండి, ఇక నేనా గడప తొక్కనని."

దిగాను. అది నాకు తెలియని వీధి. తిరుగు బస్సుకోసం నలభై నిమిషాలు నిలబడ్డాను. కాళ్లు పీకుతున్నాయి. పెద్దాసుపత్రిలో నేను ఇంతకన్నా పెద్ద పొరపాట్లు చేశాను, అందరూ చేస్తారు. ఒకసారి ఒకాయనకి తప్పు మోతాదు రాశాను, నర్సు పట్టుకుంది. తెల్లారేసరికి ఆయన్ని వేరే వార్డుకి మార్చారు, ఆ తర్వాత ఏమయ్యాడో నాకు తెలియదు. అక్కడ ఎవరికీ ఏమీ తెలియదు. మనిషి వస్తాడు, పోతాడు, మంచం మీద దుప్పటి మారుతుంది. ఆ పద్ధతిలో ఒక సుఖముందని ఆ స్టాపులో నిలబడ్డప్పుడు నాకు బాగా అర్థమైంది. ఆ సాయంత్రమే అనస్థీషియా నొక్కేసి ఉండేదాన్ని, ఇంట్లో నెట్ పనిచేసి ఉంటే.

బుధవారం పనిచేసింది. అయినా నొక్కలేదు. ఎందుకో నాకే తెలియదు, ఇంకా టైముందిలే అనుకున్నాను. ఆ బుధవారం, గురువారం క్లినిక్ తలుపు చప్పుడైనప్పుడల్లా తలెత్తి చూశాను. ఆ ఇంటినుంచి ఎవరూ రాలేదు, ఫోన్ రాలేదు. పెద్దాయన వాళ్లింటికి ఫోన్ చేశాడు, ఎవరూ ఎత్తలేదు. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఆ డ్రైవరుకి మళ్లీ ఫిట్స్ వస్తే? కోపంలో మాత్రలు మానేస్తే? వాళ్లు ఈ క్లినిక్ మానేస్తే పాప మందు ఎవరు చూస్తారు? రాత్రిళ్లు నిద్ర పట్టలేదు. నిద్రపుచ్చే ఉద్యోగానికి పోబోతున్నదాన్ని.

శుక్రవారం మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. "నొక్కావా?"

"ఇంకా లేదు."

"ఏం చూస్తున్నావే? ముహూర్తమా?"

"నాలుగింటికో పేషెంటు రావాలి. అది అయ్యాక."

"దానికీ దీనికీ ఏంటే సంబంధం?" అంది. సంబంధం ఏమిటో చెప్పలేక ఫోన్ పెట్టేశాను.

నాలుగైంది. నాలుగుంబావు. పిన్ని తలుపులోంచి తొంగిచూసి, "రామనీ చెప్పలేదు, వస్తామనీ చెప్పలేదు. ఇంకొకళ్లని పంపనా?" అంది. కాసేపు ఆగమన్నాను. కంప్యూటర్లో 'ఒప్పుకుంటున్నాను' పేజీ తెరిచే ఉంది. మూలన గడియారం తిరుగుతోంది. నాలుగు ఇరవై ఐదుకి తలుపు తీసుకుని ఆవిడ వచ్చింది, పాపతో. వేళ్లకి సుద్దముక్క పొడి అలాగే ఉంది.

ముందు పాప ఊపిరి పరీక్ష చేశాను. అంకె మంగళవారం కన్నా మెరుగ్గా ఉంది. పాప ఆ అంకె చూసుకుని, దానికన్నా ఎక్కువ ఊదుతానని పంతం పట్టి మళ్లీ మళ్లీ ఊదింది. ఆ చప్పుడులోనే ఆవిడ మాట్లాడింది, పాప వినకుండా.

"చెప్పాడు. ఆ రోజే. గుమ్మంలో నిలబడే మొత్తం చెప్పాడు, బూట్లు కూడా విప్పకుండా."

"మీరు..."

"ఏడవలేదు. ఏడుస్తానని ఆయన అనుకున్నాడు. నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఏడు వారాలు ఆ యూనిఫాం ఉతికాను డాక్టరుగారూ. కొట్లో పొద్దంతా ఊళ్లోవాళ్ల బట్టలకి ఇస్త్రీ చేసి, ఇంటికొచ్చి మళ్లీ దానికి ఇస్త్రీ చేశాను. చొక్కా చేతులకి మడత నలక్కుండా. బస్సులో వెనక సీట్లో కూర్చోడానికి." ఆవిడ వేళ్లకున్న సుద్దపొడి దులుపుకుంది. "మీమీదా కోపముంది. తక్కువేం కాదు."

"ఉండాలి కూడా," అన్నాను.

"మూడ్రోజుల నుంచీ ఇంట్లో మాటల్లేవు. ఈ క్లినిక్‌కి రానంటున్నాడు, వేరే డాక్టర్ని చూసుకుంటాడట. మాత్రలు ఇంకో మూడు వారాలకి సరిపోతాయి. వేరే డాక్టరంటే అక్కడ మళ్లీ మొదట్నుంచీ చెప్పాలి. ఆయన ఫిట్స్, పాప ఉబ్బసం, నా మెడ, ఆయన దాచడం, మీరు నోరు జారడం. ఎవరికి చెప్పను ఇదంతా? చెప్పే ఓపిక నాకు లేదు." ఆవిడ కుర్చీలో కొంచెం వెనక్కి వాలింది. వచ్చిన దగ్గర్నుంచీ వాలడం అదే మొదలు. "పెద్దాయనా పెద్దవాడైపోయాడు. మూడు వారాల తర్వాత మీరుంటారా ఇక్కడ?"

"ఉంటాను," అన్నాను.

ఆవిడ నన్ను కిందికీ పైకీ చూసింది. "మొన్న కూడా ఇలాగే ఠక్కున అనేశారు మీరు. ఆలోచించి చెప్పండి."

ఆలోచించాను. నిజంగానే, ఆవిడ ఎదురుగా కూర్చుని, నోరు మూసుకుని ఆలోచించాను. పాప ఇంకో నాలుగు సార్లు ఊదింది. చల్లటి గది గుర్తొచ్చింది, అక్కడ ఎవరూ నన్ను ఇలా నిలదీయరు. మూడు వారాల తర్వాత ఆ డ్రైవరు వచ్చి ఈ కుర్చీలో కూర్చుని నా మొహం చూడకుండా కిటికీ వైపు తిరగడం కూడా కళ్లకి కట్టింది. కానీ ఆయన వస్తాడా రాడా, మాత్రలు వేసుకుంటున్నాడా, వాళ్లిద్దరి మధ్య మాటలు మొదలయ్యాయా అన్నది తెలియకుండా నేను ఎక్కడికీ వెళ్లలేను. అది దయా కాదు, సేవా కాదు. మొదలుపెట్టినదాన్ని సగంలో వదలలేకపోవడం, అంతే. అలసట ఎలాగూ రెండు చోట్లా ఉంటుంది. గడియారం చూశాను. ఐదుకి పది నిమిషాలుంది.

"ఉంటాను," అన్నాను మళ్లీ, ఈసారి నెమ్మదిగా. చెయ్యి చాపి ఆ పేజీ మూసేశాను.

ఆవిడ లేచి పాప కోటు అందుకుంది. "అయితే మూడు వారాల తర్వాత శుక్రవారం నాలుగింటికి ఆయన పేరు రాయండి. రానంటాడు. నేను తీసుకొస్తాను." తలుపు దాకా వెళ్లి ఆగి, వెనక్కి తిరిగింది. "వచ్చాక మీరు వెంటనే మాట్లాడకండి. జబ్బు సంగతి ఎత్తకండి, క్షమించమనీ అడక్కండి. ముందు ఆయన్ని తిట్టనివ్వండి."